శివారు, గడీ, గేటు: సంపన్న గృహాల చాటు జీవితం – తెలుగు కథ

వ్యాససంగ్రహం:

నగర శివార్లలో స్థిరపడిన సంపన్న కుటుంబాల చాటు జీవితాన్ని చిత్రించే కథకు అమెరికన్ రచయిత జాన్ చీవర్ కథలు ప్రమాణంగా నిలిచాయి. తెలుగులో ఇటువంటి కథలు స్త్రీవాద కథలుగానో, మధ్యతరగతి కథలుగానో వర్గీకరణకు లోనయ్యాయి. అందువల్ల ఇంటి రహస్యం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న విమర్శలో వెనుకబడింది. చాసో, పాలగుమ్మి పద్మరాజు, అబ్బూరి ఛాయాదేవి, పి. సత్యవతి కథలను, దాశరథి రంగాచార్య నవలలోని గడీ చిత్రణను చీవర్ కథల పక్కన ఉంచి ఆ ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కథానిక, శివారు, గడీ, ఆడబాప, జాన్ చీవర్, ఛాయాదేవి, సత్యవతి, గేటెడ్ కమ్యూనిటీ.

శివారు అనే మాట

తెలుగులో ‘శివారు’ అన్న మాటకు సంపదతో సంబంధం లేదు. తెలంగాణ రెవెన్యూ వాడుకలో శివారు అంటే పెద్ద ఊరికి అనుబంధంగా లెక్కకు వచ్చే చిన్న పల్లె, లేదా ఊరి పొలిమేర భూమి. పరకాల నుంచి భూపాలపల్లికి వెళ్లే దారిలో ఉన్న రేగొండ వంటి మండలాలలో ఈ మాటకు మరో అర్థం చెప్పబోతే వినేవారికి వింతగానే ఉంటుంది. ఊరి నడుమ ఉన్నది ఆసామి ఇల్లు. ఊరి చివర ఉన్నవి వాడ, గూడెం, తండా. నడుమ నుంచి అంచుకు పోయేకొద్దీ నీడ, నీరు, గౌరవం తగ్గుతూ పోవడం తెలుగు పల్లె నిర్మాణంలోని మౌలిక లక్షణం. దళిత సాహిత్యం ‘వెలివాడ’ అన్న మాటను తన గుర్తుగా తీసుకోవడంలోని ఔచిత్యం కూడా ఇదే.

ఆంగ్లంలోని ‘సబర్బ్’ దీనికి తలకిందులైన భావన. పట్టణంలో సంపాదించి, పట్టణపు ఇరుకునూ పేదరికాన్నీ వెనుక వదిలి, సాయంత్రం రైలెక్కి పచ్చిక ఉన్న ఇంటికి చేరుకోగలవాడు ఉండే చోటు అది. అక్కడ దూరం వెలివేత కాదు, కొనుక్కున్న సౌకర్యం. అందువల్ల ‘సబర్బన్ ఫిక్షన్’ అన్న పరిభాషను ‘శివారు కథ’ అని తెలుగు చేస్తే అర్థం పూర్తిగా తారుమారవుతుంది. శివారు కథ అనగానే తెలుగు పాఠకునికి తోచేది గుడిసె. గుడిసెకు తలుపు ఉండటమే గొప్ప.

ఈ తేడా పదాలకే పరిమితమైనది కాదు. చాటు జీవితం అనేది చాటు ఉన్నవారికే సాధ్యం. గోడ, తలుపు, తాళం, ఆవరణ, ఎవరినైనా గుమ్మం దగ్గరే ఆపగల అధికారం ఇవన్నీ ఆస్తిలో భాగాలు. రహస్యం కూడా ఒక విధమైన ఆస్తి. ఈ దృష్టితో చూసినప్పుడు సంపన్నుల ఇళ్ల కథలను చదవవలసిన తీరు మారుతుంది. ‘ఈ ఇంట్లో ఏ రహస్యం ఉంది?’ అని అడిగి ఊరుకుంటే చాలదు. ‘ఈ ఇంటి రహస్యం ఎవరి అధీనంలో ఉంది?’ అని అడగాలి.

షేడీ హిల్

జాన్ చీవర్ (1912–1982) మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్విన్సీలో జన్మించాడు. ‘ది న్యూయార్కర్’ పత్రికలో మూడు దశాబ్దాలకు పైగా కథలు ప్రచురించాడు. 1978లో వెలువడిన ‘ది స్టోరీస్ ఆఫ్ జాన్ చీవర్’ సంపుటానికి 1979లో పులిట్జర్ బహుమతి లభించింది. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన హడ్సన్ నది వెంట ఉన్న సంపన్న నివాస ప్రాంతాలను ఆధారం చేసుకొని ‘షేడీ హిల్’ అనే కల్పిత ఊరిని సృష్టించాడు. ఆ ఊరి పేరుతో 1958లో ఒక సంపుటి వచ్చింది.

చీవర్ మద్యపాన వ్యసనం, బయటికి చెప్పుకోలేకపోయిన స్వలింగ ఆకర్షణ 1991లో అచ్చయిన దినచర్య పుస్తకాల్లో వివరంగా కనిపిస్తాయి. ఆనాటి నుంచి ఆయన కథల్లోని ప్రతి రహస్యాన్నీ రచయిత రహస్యానికి ముసుగుగా చదివే అలవాటు బలపడింది. ఈ పఠనం సులువైనదే కాని ఎక్కువ దూరం పోదు. దానికంటే ఉపయోగకరమైన వాస్తవం మరొకటి ఉంది. 1951లో నగరం వదిలి స్కార్బరోకు వచ్చినప్పుడు చీవర్ చేరింది సొంత ఇంట్లో కాదు. ఒక సంపన్న కుటుంబపు విశాలమైన ఎస్టేటులో ప్రధాన భవనానికి అనుబంధంగా ఉన్న చిన్న ఇంట్లో ఆయన అద్దెకు దిగాడు. ఆసినింగ్‌లో సొంత ఇల్లు కొన్నది 1961లో. అంటే షేడీ హిల్ కథల్లో ముఖ్యమైనవి రాసినది ఆ పచ్చికలకు హక్కుదారు కాని అద్దెదారు. లోపలే ఉంటూ లోపలివాడు కాలేని ఆ స్థితి ఆ కథల చూపును నిర్ణయించింది.

1947లో వెలువడిన ‘ది ఎనార్మస్ రేడియో’ కథ ఇంకా నగరంలోని అపార్టుమెంటులోనే జరుగుతుంది. జిమ్, ఐరీన్ వెస్ట్‌కాట్ దంపతులు కొన్న కొత్త రేడియోలో సంగీతానికి బదులు ఇరుగుపొరుగు ఫ్లాట్ల మాటలు వినిపించసాగుతాయి. అప్పులు, కొట్లాటలు, జబ్బులు, దొంగతనాలు ఒక్కొక్కటిగా ఆమె చెవిన పడతాయి. ‘మనం అలాంటివాళ్లం కాదు కదా’ అన్న హామీ కోసం ఐరీన్ భర్తను వేడుకుంటుంది. మరమ్మతు చేసినవాడు రేడియోను బాగుచేసి వెళ్లిన తరువాత కథలోని అసలు దెబ్బ పడుతుంది. డబ్బు విషయంలో మొదలైన గొడవలో జిమ్ భార్య గతాన్ని బయటపెడతాడు. తల్లి నగలను ఆమె వీలునామా తేలకముందే తీసుకున్నది, చెల్లెలికి దక్కవలసింది దక్కనివ్వలేదు, గర్భస్రావం చేయించుకున్నది. రేడియో మాత్రం ఏ ఉద్వేగమూ లేకుండా దూరదేశపు ప్రమాద వార్తలు, ఆనాటి ఉష్ణోగ్రత చదువుతూ ఉంటుంది.

ఈ కథలో గమనించవలసింది రహస్యాల జాబితా కాదు. ఇతరుల గుట్టు వినగల యంత్రం ఒక్క ఇంటివారి చేతిలో ఉన్నంతసేపు వారు న్యాయనిర్ణేతల స్థానంలో ఉంటారు. అదే యంత్రం తమ వైపూ చెవి పెట్టి ఉండవచ్చునన్న భయం కలిగిన క్షణాన ఐరీన్ గొంతు తగ్గించమని భర్తను బతిమాలుతుంది. సంపన్న గృహంలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఏదో ఆ బతిమాలుటలో తెలుస్తుంది.

‘ది హౌస్‌బ్రేకర్ ఆఫ్ షేడీ హిల్’ కథలో ఉద్యోగం పోయిన జానీ హేక్ ఒక రాత్రి పొరుగింట్లోకి చొరబడి పర్సులోని తొమ్మిది వందల డాలర్లు దొంగిలిస్తాడు. కొంతకాలానికి అతని దశ తిరుగుతుంది. ఆ డబ్బును మరో రాత్రి అక్కడే పెట్టి వస్తుండగా పోలీసు ఎదురై ఇంత రాత్రి ఏం చేస్తున్నారని అడుగుతాడు. కుక్కను తిప్పుతున్నానంటాడు హేక్. దరిదాపుల్లో కుక్క లేదు. పోలీసు నమ్మి, లేదా నమ్మినట్లుగా, తన దారిన పోతాడు. కథ హాస్యంగా ముగిసినట్లు కనిపించినా ఆ హాస్యానికి పునాది వర్గ విశ్వాసమే. షేడీ హిల్ నివాసి మాట సాక్ష్యం అడగనక్కరలేనిది. అదే వేళలో అదే వీధిలో తోటమాలి కనిపిస్తే కథ అక్కడే వేరే దారి పట్టేది. చీవర్ ఆ రెండో కథ రాయలేదు. పాఠకునికి దాని నీడ మాత్రం కనిపిస్తుంది.

1954లో వచ్చిన ‘ది కంట్రీ హస్బెండ్’ ఈ వ్యాస దృష్టికి మరింత ముఖ్యమైనది. విమాన ప్రమాదం నుంచి బయటపడి ఇంటికి వచ్చిన ఫ్రాన్సిస్ వీడ్ మాట వినే తీరిక ఇంట్లో ఎవరికీ ఉండదు. మరునాడు పొరుగింటి విందులో వడ్డిస్తున్న పనిమనిషిని అతను గుర్తుపడతాడు. యుద్ధకాలంలో జర్మన్ అధికారితో కలిసి ఉన్నందుకు నార్మండీలోని ఒక ఊళ్లో నడివీధిలో జుట్టు తీయించి అవమానించిన స్త్రీ ఆమె. నాడు ఆ గుంపులో అతనూ నిలబడి చూశాడు. ఈ సంగతి విందులో ఎవరికీ చెప్పలేడు. అటువంటి జ్ఞాపకాలకు షేడీ హిల్‌లో చోటు లేదు. ఆ స్త్రీ పళ్లెం అందించి వెళ్లిపోతుంది, కథ వీడ్ మోహాల వైపు మరలుతుంది. కథ మొత్తంలోకీ లోతైన రహస్యం కలిగిన వ్యక్తి ఆ పనిమనిషే. అయినా ఆ రహస్యం కథలో ఆమెది కాదు, చూసినవానిది. ఆమె ఏమి తలచిందో చీవర్ చెప్పడు. ఇది చీవర్ లోపమా, షేడీ హిల్ లోపమా అన్నది తేల్చి చెప్పడం కష్టం. రెండూ అనడమే సబబు.

గడీ చాటు

తెలంగాణ పల్లెలో సంపన్న గృహానికి ప్రతిరూపం గడీ. ఊరి నడుమ ఎత్తైన గోడలతో నిలిచిన గడీలో ఏం జరుగుతుందో ఊరికి తెలుసు, కాని చెప్పే హక్కు ఊరికి లేదు. చీవర్ సమాజంలో రహస్యాన్ని కాపాడేది మర్యాద. గడీలో దాన్ని కాపాడేది భయం. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ కథానిక కాదు, నవల. అయినా ఈ చర్చలో దానికి స్థానం తప్పదు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో జన్మించిన రచయిత గడీ గోడల లోపలి వ్యవస్థను లోతుగా ఎరిగినవాడు. దొరసాని పుట్టింటి నుంచి అరణంగా వచ్చే ఆడబాప జీవితాన్ని వనజ పాత్ర ద్వారా ఆయన నవలలోకి తెచ్చాడు. ఆడబాపకు గది ఉండవచ్చు, తలుపు ఉండదు. ఉన్నా లోపలి గడియ మీద ఆమెకు హక్కు లేదు. దొర చాటు జీవితం అంతా ఆమె శరీరం మీదనే నడుస్తుంది. ఆమెకు మాత్రం చాటు లేదు. రహస్యం ఆస్తి అన్న మాటకు ఇంతకంటే కటువైన నిదర్శనం దొరకదు.

దీని పక్కన పి.వి. నరసింహారావు ‘గొల్ల రామవ్వ’ కథను ఉంచి చూడవచ్చు. 1949లో వరంగల్లు నుంచి వెలువడే ‘కాకతీయ’ పత్రికలో వచ్చిన ఈ కథలో ముసలి రామవ్వ గుడిసెలోకి రాత్రివేళ ఒక విప్లవ యువకుడు చొరబడతాడు. పోలీసులు సోదాకు వచ్చినప్పుడు అతన్ని తన మనుమరాలి భర్తగా చూపి కాపాడుతుంది. గుడిసెకు చాటు లేదు. ఎవరు ఎప్పుడైనా తన్ని లోపలికి రావచ్చు. అక్కడ రహస్యం దాచడం అంటే ప్రాణాన్ని పణం పెట్టడం. ధనిక గృహంలో రహస్యం తనంతట తాను నిలుస్తుంది, పేద గృహంలో దాన్ని ఎవరో ఒకరు నిలబెట్టాలి. తెలంగాణ కథా విమర్శ ఈ రెండో కోవకు చెందిన కథలను శ్రద్ధగా చదివింది. మొదటి కోవ మీద అంత శ్రద్ధ పెట్టలేదు. ఉద్యమ సాహిత్యానికి దక్కవలసిన గౌరవం దక్కడం న్యాయమే. కాని గడీ కూలిన తరువాత సంపద ఏ ఇంట్లోకి మారిందో, ఆ ఇంటి గోడల లోపల ఏం జరుగుతున్నదో అడగడం కూడా అదే న్యాయంలో భాగం.

హైదరాబాదు దేవిడీల లోపలి జీవితాన్ని నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ కథలు చిత్రించాయి. నవాబుల కుటుంబాల వైభవం, పతనం, వాటి నడుమ మిగిలిన మానవ సంబంధాలు ఆ కథల వస్తువు. వాటికి విడిగా ఒక వ్యాసం అవసరం.

ప్లీడరు పర్సు, మాణిక్యమ్మ మాట

కోస్తా రచయితల్లో ఈ వస్తువును తొలుత నిర్భయంగా పట్టుకున్నవాడు చాగంటి సోమయాజులు. ‘ఏలూరెళ్లాలి’ కథలో మాణిక్యమ్మ కలిగిన ఇంటి ఇల్లాలు. భర్త వయసు మళ్లినవాడు. కొడుకు లేకపోతే భర్త తరువాత ఆస్తి దాయాదులపాలై తాను వీధిన పడుతుందని ఆమెకు తెలుసు. పరిచయమున్న యువకునితో సంబంధం పెట్టుకొని బిడ్డను కంటుంది. ఏళ్ల తరువాత రైలులో ఎదురైనప్పుడు ఆ సంగతిని అతనికి చెబుతుంది. ఆమె మాటలో పశ్చాత్తాపం లేదు, ప్రణయమూ లేదు. లెక్క ఉంది. చీవర్ పాత్రలు రహస్యం వల్ల ఇంటిని పోగొట్టుకుంటాయి. మాణిక్యమ్మ రహస్యం వల్ల ఇంటిని నిలుపుకుంటుంది. ఆస్తి హక్కు లేని స్త్రీకి రహస్యమే దస్తావేజు అయిన ఈ సన్నివేశాన్ని నీతి, అవినీతి చర్చగా కుదించడం కథకు అన్యాయం. ఈ కథ మీద జరిగిన చర్చలో ఆ కుదింపు తరచుగా కనిపిస్తుంది.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ లో రావుగారు పేరున్న న్యాయవాది. నియమాల మీద కట్టుకున్న జీవితం ఆయనది. తుపాను రాత్రి స్టేషను గదిలో బిచ్చగత్తె శరీరపు వెచ్చదనం ఆయనకు ఆసరా అవుతుంది. తెల్లవారిన తరువాత ఆమె శవం చేతిలో తన పర్సు కనిపిస్తుంది. ఆమె మీద కోపం రాదు. పర్సు ఆమెకే వదిలేస్తాడు. కాని తన పేరున్న కార్డును మాత్రం అందులోంచి తీసేస్తాడు. కథంతా సాగిన హృదయ పరివర్తనను ఈ ఒక్క చర్య వెనక్కి లాగుతుంది. పరివర్తన నిజమే, పరువూ నిజమే. బిచ్చగత్తె మీద రావుగారి కరుణ ఎంత పెద్దదైనా తన పేరు ఆమె పేరు పక్కన లోకానికి కనిపించేంత పెద్దది కాదు. ‘గాలివాన’ను మానవతా కథగా బోధించే తరగతి గదుల్లో ఆ కార్డు గురించి మరికొంతసేపు ఆగి మాట్లాడవలసి ఉంది.

బోన్సాయ్ కుండీ

అబ్బూరి ఛాయాదేవి (1933–2019) కథల్లో సంపన్నత ఆర్భాటంగా ఉండదు. అమర్చిన గది, ఉద్యోగం, కుండీల్లో మొక్కలు, అతిథులకు మర్యాద ఇంతే. ‘బోన్సాయ్ బ్రతుకు’ కథలో నగరంలో చదువుకొని స్థిరపడిన చెల్లెలి ఇంటికి పల్లె నుంచి అక్కయ్య వస్తుంది. అక్కయ్య చదువును తండ్రి చిన్నతనంలోనే మాన్పించాడు. చెల్లెలు మురిపెంగా పెంచుకున్న తురాయి, దానిమ్మ బోన్సాయ్‌లను ఆమె చూస్తుంది. గాలిదుమారం లేచినప్పుడు రోడ్డు పక్కన పెరిగిన తురాయి చెట్టు కింద జనం తలదాచుకోవడాన్నీ చూస్తుంది. కుండీలోని చెట్టును తుపాను నుంచి మనమే కాపాడాలి, అది ఎవరికీ నీడ ఇవ్వలేదు అన్న పోలిక ఆమె నోట వస్తుంది.

పాఠ్యాంశంగా ఈ కథ విస్తృతంగా చేరింది, ఆ పోలిక వివరణా స్థిరపడింది. ఆడపిల్లను బోన్సాయ్‌లా పెంచకూడదన్నది దాని సారంగా చెబుతున్నారు. అది సరైనదే. అయితే కథా నిర్మాణంలో మరొక సంగతి ఉంది. పోలిక వచ్చింది ఇంటి యజమానురాలి నోట కాదు, బంధువుగా వచ్చిన పల్లె స్త్రీ నోట. చీవర్ కథలో రేడియో చేసిన పనిని తెలుగు కథలో చుట్టం చేస్తుంది. పొరుగువారిని గేటు దగ్గర ఆపవచ్చు గాని అక్కయ్యను ఆపలేము. ఆమె వంటింట్లోకి వస్తుంది, అలమర తెరుస్తుంది, ‘ఇదేమిటే’ అని అడుగుతుంది. సంపన్న గృహపు గోడలో తెలుగు సమాజం వదిలిన పెద్ద సందు బంధుత్వం. అందువల్లే తెలుగులో ఏకాంతం మీద కట్టిన పూర్తి సబర్బన్ కథ చాలాకాలం పుట్టలేదని చెప్పవచ్చు. ‘తన మార్గం’ (2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన సంపుటి) పేరుకథలో వయసు మీరిన స్త్రీ ఒంటరిగా తన ఇంట్లో ఉండాలని నిర్ణయించుకోవడం ఆ సందును తన చేతులతో మూసుకోవడమే. పిల్లల ప్రేమను కాదనడం కాదు, తలుపు గడియ మీద మొదటిసారి తన చేయి వేయడం.

‘సుఖాంతం’ మరింత భయంకరమైన కథ. అందులోని స్త్రీ కోరేది నిద్ర మాత్రమే. బాల్యం నుంచి వార్ధక్యం వరకు ఎవరో ఒకరి అవసరం ఆమె నిద్రను చెడగొడుతూనే ఉంటుంది. చివరికి మాత్రల్లో దొరికే నిద్ర శాశ్వతమైనదవుతుంది. రహస్యాలు దాచుకునే తీరిక కూడా లేని ఇల్లాలు ఆమె.

ఈగ పేరు

పేరు మరిచిపోయిన ఈగ కథ తెలుగు పిల్లలందరికీ తెలిసినదే. ఇల్లలుకుతూ తన పేరు మరిచిన ఈగ పేదరాసి పెద్దమ్మను, ఆమె కొడుకును, అతని చేతి గొడ్డలిని, అది నరికే చెట్టును, చివరికి గుర్రం కడుపులోని పిల్లను అడుగుతుంది. పాఠాంతరాలు ఎన్ని ఉన్నా గుర్రప్పిల్ల సకిలింపులోనే ఈగకు తన పేరు దొరుకుతుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ ఈ జానపద కథ మీద నిలిచింది. చదువుకున్న యువతి పెళ్లయి వచ్చిన ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిపోతుంది. ఒకనాడు ఆమెకు తన పేరు గుర్తుకు రాదు.

ఇక్కడ ఇంటి వర్గ స్థాయి కీలకం. ఇది అలికే మట్టి ఇల్లు కాదు. తుడుచుకునే గచ్చు, సర్దుకునే వస్తువులు ఉన్న కలిగిన ఇల్లు. పొరుగువారికి ఆమె ఇంటి గుర్తు ద్వారా, భర్త హోదా ద్వారా మాత్రమే తెలుసు. పిల్లలకు అమ్మగా తెలుసు. భర్తకు ఆ ప్రశ్న తీవ్రమైనదిగా తోచదు. పనిమనిషికి ఆమె ‘అమ్మగారు’. అంతకుమించిన పేరు అవసరం పనిమనిషికి పడలేదు. జానపద కథలోని ఈగ ఆరుబయట తిరిగింది. దాని పేరు ఎరిగిన ప్రపంచం చెట్టు చేమలతో, పశువులతో, శ్రమతో నిండి ఉంది. సత్యవతి కథానాయిక నివసించే చోట మనిషిని ఇంటి చిరునామాగా తప్ప గుర్తించే ఏర్పాటు లేదు. ఐరీన్ తన గుట్టు బయటపడుతుందని వణికింది. ఈమెకు బయటపడడానికి గుట్టు కూడా మిగలలేదు. చిన్ననాటి స్నేహితురాలు ప్రమీల ‘శారదా’ అని పిలిచిన తరువాతే ఆమెకు తన చదువు, తన బొమ్మలు, తన పాట తిరిగి వస్తాయి. ఆమె చాటు జీవితం పాపం కాదు, అక్రమ సంబంధం కాదు. తనను తాను పూడ్చిపెట్టిన చోటే ఆమె చాటు.

చీవర్ ‘ది స్విమ్మర్’ (1964) కథానాయకుడు నెడ్డీ మెరిల్ కూడా మరిచిపోయినవాడే. పొరుగువారి ఈత కొలనుల మీదుగా ఇంటికి ఈదుకుంటూ పోవాలని బయలుదేరిన అతనికి తన ఆస్తి పోయిన సంగతి, ఇల్లు అమ్ముడుపోయిన సంగతి గుర్తుండదు. చివరికి ఖాళీగా తాళం వేసిన ఇంటి తలుపు బాదుతూ మిగులుతాడు. ఇద్దరి మరుపుల మధ్య అంతరం స్పష్టం. నెడ్డీ ఇంటిని పోగొట్టుకున్న సంగతి మరిచాడు. శారద ఇంట్లో ఉండి తనను మరిచింది. అతను చివరికి బయట నిలిచాడు, ఆమె బయటికి వెళ్లి తిరిగి వచ్చింది. శిల్పపరంగా ‘ది స్విమ్మర్’ గొప్ప కథ. ఆలోచన పరంగా ‘ఇల్లలకగానే’ దానికన్నా ఒక అడుగు ముందుంది. నెడ్డీకి ఇల్లు లేకపోతే తాను లేడు, శారదకు ఇంటికి ఆవల తాను ఉన్నానని తెలిసింది.

గేటు

బంజారా హిల్స్ అన్న పేరు లంబాడీల నుంచి వచ్చినది. 1930లలో మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండలను తొలగించకుండా వాటినే కలుపుకొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ తరువాత గుట్టల మీద సంపన్న నివాసాలు పెరిగాయి. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత నగరపు పడమటి అంచు రూపం మారింది. శేరిలింగంపల్లి, నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ ప్రాంతాల్లో గేటెడ్ కమ్యూనిటీలు వెలిశాయి. నిన్నటి శివారు పల్లెల పేర్లు నేటి విల్లాల చిరునామాలయ్యాయి. ‘శివారు’ మాటకు తెలుగు నేల మీద సబర్బ్ అర్థం వచ్చి చేరినది ఇక్కడే, అదీ ఒక్క తరంలో.

మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నుంచి ‘బియాండ్ కాఫీ’ (2013) దాకా చేసిన ప్రయాణం ఈ మార్పుకు సూచిక. కావలి వీధిలో అందరి గొడవా అందరికీ వినిపించేది. తరువాతి సంపుటిలో మనుషులు ఫోన్లలో, కాఫీ షాపుల్లో, పక్క గదిలో ఉన్నవారికి తెలియని కోరికలతో మెలగుతారు. ఈ కథల మీద నైతిక దృష్టితో వచ్చిన ఆక్షేపణల కంటే, వీధి పోయి గది వచ్చిన క్రమాన్ని పరిశీలించడం పరిశోధకులకు లాభదాయకం. ప్రవాసంలో ఈ గది మరింత బిగుసుకున్నది. కల్పనా రెంటాల ‘తన్హాయి’ నవలలో వేర్వేరు వివాహాల్లో ఉన్న కల్హార, కౌశిక్‌ల మధ్య పుట్టిన ప్రేమకు అమెరికా నేపథ్యం అక్కయ్యలు తలుపు తట్టని ఏకాంతాన్ని ఇచ్చింది. జుంపా లాహిరి ‘ఎ టెంపరరీ మేటర్’లో బెంగాలీ దంపతులు కరెంటు పోయిన చీకటిలో తప్ప నిజం చెప్పుకోలేరు. అక్కడ చుట్టం స్థానాన్ని చీకటి తీసుకున్నది.

హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీలో చుట్టం రాక తగ్గిన చోట గోడలోని సందు ఎక్కడుంది? పనివారి దగ్గర ఉంది. వంటమనిషికి, డ్రైవరుకు, పిల్లలను చూసుకునే ఆయాకు తెలియని సంగతి ఇంట్లో ఉండదు. ఎవరు ఏ గదిలో పడుకుంటున్నారో, ఎవరు అన్నం ముట్టడం లేదో, చెత్తబుట్టలో ఏ మాత్రల అట్టలు పడుతున్నాయో వారికి తెలుసు. వారి రాకపోకలు మాత్రం నిమిషాలతో సహా ఫోన్ యాప్‌లో నమోదవుతాయి. పోయేటప్పుడు సంచి తెరిచి చూపవలసి రావచ్చు, లిఫ్టు వేరు కావచ్చు. జానీ హేక్‌ను పోలీసు మర్యాదగా వదిలాడు. ఇక్కడ గేటు ఎవరినీ అలా వదలదు, లోపల నివసించేవారిని తప్ప. ఇంటివారి రహస్యం మొత్తం మోస్తున్నవారికి తమ చేతిసంచి కూడా రహస్యం కాదు. గడీలోని ఆడబాపతో ఈ పనివారిని సమానం చేయడం చరిత్రకు అన్యాయమవుతుంది. జీతం ఉంది, మానివేసే వీలుంది. చాటు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న గీత మాత్రం ఇంకా అక్కడే ఉంది.

రేగొండ వంటి చోట నుంచి ఈ కథలను చదివే పరిశోధకునికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. పత్తి, మిర్చి, వరి పండించే ఆ ప్రాంతపు పల్లెల నుంచి నగరానికి వెళ్లినవారు గేటుకు రెండు వైపులా ఉన్నారు. ఒకే ఊరి నుంచి ఒకరు విల్లాకు కిస్తీలు కడుతూ, మరొకరు అలాంటి గేటు దగ్గరే కాపలా కాస్తూ ఉండడం అసాధారణం కాదు. సంక్రాంతికి, బతుకమ్మకు ఇద్దరూ ఊరికి వస్తారు. ఊళ్లో ఇద్దరూ ‘అన్నా’, ‘తమ్మీ’ అని పిలుచుకుంటారు. గేటు దగ్గర ఆ పిలుపు ఏమవుతుందన్నది రాయదగిన వస్తువు. చీవర్‌కు ఈ అవకాశం లేదు. షేడీ హిల్ పనిమనిషికీ యజమానికీ ఉమ్మడి ఊరు లేదు, వారి మధ్య ఉన్నది వీడ్ చెప్పలేని యుద్ధ జ్ఞాపకం. తెలుగు కథకునికి ఆ ఉమ్మడి ఊరు చేతిలో ఉంది. దాన్ని వాడుకున్న కథలు అరుదుగా కనిపిస్తాయి. పనివారు కథలోకి వచ్చినా యజమానురాలి మనసుకు అద్దం పట్టడానికే వస్తారు. ఆ పని ముగియగానే వంటింట్లోకి మళ్లిపోతారు.

‘ఇల్లలకగానే’ వంటి మెలకువ గల కథకూ ఈ పరిమితి ఉంది. శారద తన పేరును పనిమనిషిని అడుగుతుంది. పనిమనిషి తన స్థానం నుంచి నిజాయితీగా జవాబు చెబుతుంది. ‘మరి నీ పేరేమిటి?’ అన్న ఎదురు ప్రశ్న శారదకు అప్పుడు తోచదు, పేరు దొరికి ఇంటికి తిరిగి వచ్చిన తరువాత కూడా తోచదు. జానపద కథలో ఈగ ప్రశ్న పెద్దమ్మ నుంచి ఆమె కొడుకుకు, కొడుకు నుంచి గొడ్డలికి, గొడ్డలి నుంచి చెట్టుకు చేరుతూ పోయింది. ఆధునిక కథలో అది పనిమనిషి దగ్గర ఆగి, వెనుదిరిగింది.